గోల్ఫ్ గ్రీన్‌కి రంధ్రాలు ఎప్పుడు కొట్టాలి, ఇసుక ఎంత పొయ్యాలి?

గ్రీన్ అంటే గోల్ఫ్‌లో బంతిని గుంతలోకి నెట్టే చోటు, పొట్టిగా కత్తిరించిన గడ్డి. దానికి రంధ్రాలు కొట్టి మట్టి బయటకు తీసే యంత్రం కోర్ ఏరేటర్. అది నడిపాక గ్రీన్ మీద పడ్డ మట్టి కడ్డీలను ఊడ్చేసే ముందు ఒకటి చేతిలోకి తీసుకుని చూడండి. పైన కొబ్బరి పీచులా గోధుమరంగు పొర కనిపిస్తోందా? అదే థ్యాచ్. చచ్చిన కాడలు, వేళ్లు పేరుకుపోయి అలా అవుతుంది. స్పాంజిలా నీళ్లు పైనే పట్టేస్తుంది. దాని కింద నల్లటి చార ఉండి, కుళ్లిన గుడ్డు వాసన వస్తే లోపలికి గాలి ఆడట్లేదని అర్థం. ఆ చార దాటి వేరు దిగదు.

ఈ పని ఎప్పుడు చెయ్యాలని చాలామంది అడుగుతున్నారు. చలి దేశాల వాళ్లు ఎండలు తగ్గాక చేస్తారు, ఎందుకంటే వాళ్లది చల్లదనంలో పెరిగే బెంట్‌గ్రాస్ అనే గడ్డి. విజయవాడ, గుంటూరు వేడికి నిలిచేది బెర్ముడా. చవితికి తెచ్చుకునే మన గరికకి చుట్టం. వేడి ఉన్నన్నాళ్లే జోరుగా పెరుగుతుంది, డిసెంబరు చలికి నెమ్మదిస్తుంది. అందుకే సెప్టెంబరు చివర్లోనో అక్టోబరులోనో నాలుగు పొడి రోజులు చూసుకుని కానివ్వండి. తుపాను కబురు ఉంటే మాత్రం ఆగండి. తడి మట్టిలో టైన్ (ఏరేటర్‌కి ఉండే బోలు ముల్లు) దిగితే రంధ్రం గోడలు నున్నగా మెత్తినట్టయి మూసుకుపోతాయి. నల్లరేగడి కలిసిన చోట ఇది మరీ ఎక్కువ.

రంధ్రం వెడల్పు అర అంగుళం, లోతు మూడు అంగుళాలు, ఎటు చూసినా రంధ్రం మధ్య నుంచి మధ్యకి రెండు అంగుళాల ఎడం. ఏటా ఒకే లోతు కొడితే ఆ అడుగున మట్టి గట్టిపడి పలకలా తయారవుతుంది, కాబట్టి లోతు మారుస్తూ ఉండండి. అరిగిన టైన్లు గడ్డిని చీల్చి పైకి లేపేస్తాయి, ముందే మార్చేయండి.

ఇక ఇసుక. అసలు గ్రీన్లు పాడయ్యేది ఇక్కడే. పై లెక్కన చదరపు మీటరుకి సుమారు 390 రంధ్రాలు, అవి నిండటానికే దాదాపు 3.7 లీటర్లు. 100 చదరపు మీటర్లకి సుమారు 13 ఘనపుటడుగులు. పొడి ఇసుకైతే ఆరు క్వింటాళ్ల దాకా తూగుతుంది. రెండు తట్టలు చల్లి వదిలేస్తే రంధ్రాలు చాలావరకు ఖాళీగానే ఉండిపోతాయి. కృష్ణ ఇసుకైనా జల్లించి, కడిగి, బాగా ఎండబెట్టాలి. రేణువు ఎక్కువ భాగం పావు మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు లోపు ఉండాలి. గాజు సీసాలో ఇసుక, నీళ్లు పోసి గిలకొట్టి రాత్రంతా కదపకుండా ఉంచండి. పైన ఒండ్రు పొర తేరిందంటే ఆ ఇసుక ఇంకా కడగాల్సిందే. తడి ఇసుక రంధ్రం మూతి దగ్గరే గడ్డకట్టి, కింద బోలుగా వదిలేస్తుంది. ఎండ ఎక్కాక, ఆకు మీద మంచు ఆరాక చల్లి, కొబ్బరి పీచు చాపను అటూ ఇటూ లాగండి.

నీళ్లు వెంటనే పెట్టండి. వారం తిరిగాక 100 చదరపు మీటర్లకి 2.4 కిలోల అమ్మోనియం సల్ఫేట్ వేసి తడపండి, అంటే అర కిలో నత్రజని. మోవర్ (గడ్డి కోసే యంత్రం) బ్లేడు ఎత్తు ఒక మిల్లీమీటరు పెంచి ఉంచండి. రంధ్రాల మీదుగా తీగ పాకి కలిసేదాకా కిందికి దించకండి.