డ్యాష్‌బోర్డ్‌కు లప్పం పెట్టేముందు

(వరంగల్‌లో ఐటీఐ విద్యార్థులు, టూరిస్టు బండ్ల డ్రైవర్ల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. నా చేతికి మైకు కంటే స్ప్రే గన్ అలవాటు. తడబడితే సర్దుకోండి.

ఈ బల్ల మీద రెండు నల్ల ప్లాస్టిక్ ముక్కలు, ఒక బకెట్ నీళ్లు ఉన్నాయి. రెండు ముక్కలూ ఒకే బండి డ్యాష్‌బోర్డ్‌వి. చూస్తే కవల పిల్లల్లా ఉన్నాయి కదా! ఆ బండి ఒక వ్యాన్. ఓనరు దాన్ని మోటార్‌హోమ్‌గా మార్పించుకున్నాడు. వెనకాల మంచం, స్టవ్వు, చిన్న ఫ్రిజ్. ఇంటిల్లిపాదీ ఎక్కి మేడారం పోతారు, లక్నవరం పోతారు. వెనకంతా కొత్త ఇల్లులా ఉంటే, ముందు డ్యాష్‌బోర్డ్ మాత్రం తెల్లబారి, స్పీకర్ జాలీ దగ్గర బీటలు పడి, గీతలతో ఉంది. "అన్నా, దీన్ని కొత్తదాని లెక్క చెయ్" అన్నాడు.

ఇలాంటి బండ్ల డ్యాష్‌బోర్డ్ త్వరగా పాడవడానికి కారణం ఉంది. పెద్ద ముందు అద్దం. రోజుల తరబడి ఒకే చోట ఎండలో నిలబడి ఉండటం. మన మే నెల ఎండలో మూసిన బండిలో డ్యాష్‌బోర్డ్ పైభాగం 70 డిగ్రీలు దాటడం మామూలే. పైగా ముందు సీటంటే వీళ్లకు డ్రాయింగ్ రూమ్. చాయ్ గ్లాసులు దాని మీదే, కాళ్లు దాని మీదే.

ఇప్పుడు అసలు సంగతి. మన దగ్గర ఎవరైనా పగులు చూడగానే గమ్ ట్యూబు తీస్తారు. ఆగండి. ముందు ఆ ప్లాస్టిక్ పేరేంటో తెలుసుకోండి. ప్యానెల్ ఊడదీసి వెనక్కి తిప్పితే, రెండు బాణం గుర్తుల మధ్య అక్షరాలు అచ్చు వేసి ఉంటాయి. ఏబీఎస్ అని ఉంటే ఒక దారి, పీపీ అని, అంటే పాలీప్రొపిలీన్ అని ఉంటే ఇంకో దారి. గుర్తు అరిగిపోతే బకెట్‌లో వేసి చూడమని పాత మేస్త్రీలు చెప్తారు. పీపీ నీళ్ల కంటే తేలిక కాబట్టి తేలుతుంది, ఏబీఎస్ మునుగుతుంది.

ఈ బకెట్‌ను నమ్మే నేను దెబ్బ తిన్నాను. ఒక ముక్క మునిగింది. ఏబీఎస్ అనుకొని రెండు రోజులు కష్టపడి పగులు పూడ్చాను, రంగు వేశాను. వారం తిరక్కుండానే ఆ పూత పుండు మీద పక్కులా మొత్తం లేచొచ్చింది. అప్పుడు దుమ్ము కడిగి వెనకాల సరిగ్గా చదివితే పీపీ పక్కన టీ20 అని ఉంది. అంటే అందులో 20 శాతం టాల్క్ కలిపారు, మన పౌడర్ డబ్బాలో ఉండే ఖనిజమే. గట్టిదనం కోసం డ్యాష్‌బోర్డ్ పీపీలో అది కలపడం మామూలు. ఆ బరువుకు పీపీ కూడా మునుగుతుంది. అందుకే ఇప్పుడు వెనక వైపు కనపడని మూల అసిటోన్ అనే ద్రావకంలో ముంచిన దూదితో ఒకసారి రుద్దుతాను. ఏబీఎస్ అయితే వెంటనే కరిగి జిగురు పడుతుంది, దూది నల్లబడుతుంది. పీపీకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

ఏబీఎస్ అని తేలితే పని సులువు. మన నిర్మల్ బొమ్మల వాళ్లు అతుకులు ఎలా పూడుస్తారు? చింతగింజల ముద్దలో రంపపు పొట్టు కలిపి పెడతారు. చెక్కకు చెక్కతోనే లప్పం అన్నమాట. ఇక్కడా అంతే. పనికిరాని ఏబీఎస్ ముక్కను సన్నగా తురిమి, గాజు సీసాలో అసిటోన్ పోసి రాత్రంతా ఉంచితే తెల్లారేసరికి తేనెలా అవుతుంది. పగులు చివర 2 మిల్లీమీటర్ల రంధ్రం వేస్తే పగులు అక్కడితో ఆగుతుంది. తర్వాత పగులును 'వి' ఆకారంలో గీకి, ఆ ముద్దను పలుచగా పెట్టండి. ఒకేసారి నింపొద్దు. అసిటోన్ ఆరేకొద్దీ ముద్ద కుంగుతుంది. పూతకూ పూతకూ మధ్య ఒక రోజు వదలాలి. ఓనరు గంటకోసారి ఫోన్ చేస్తాడు, చేయనీయండి.

పీపీ మాత్రం మొండిది. చామాకు మీద నీళ్లు నిలవనట్టే దాని మీద మామూలు గమ్ కానీ రంగు కానీ నిలవదు. దాన్ని అతికించడం కాదు, కరిగించి కలపాలి. వెనక వైపు పగులు మీద సన్నటి స్టీలు జాలీ పెట్టి, సోల్డరింగ్ ఐరన్‌తో ప్లాస్టిక్‌లోకి దిగేలా నొక్కి, పైన పీపీ రాడ్ కరిగించి కప్పాలి. ఆ తర్వాత ముందు వైపు. రంగు వేయాలంటే దానికి ముందు రంగు పట్టుకునేలా చేసే అడ్హీషన్ ప్రమోటర్ అనే పలుచటి పూత తప్పనిసరి. దాని డబ్బా మీద రాసిన సమయంలోపే రంగు పడాలి.

బిగింపు గురించి కూడా ఒక మాట. మీటరు పొడవు పీపీ ప్యానెల్ చలికాలం తెల్లవారుజాముకూ, ఎండాకాలం మధ్యాహ్నానికీ మధ్య 3 నుంచి 5 మిల్లీమీటర్లు సాగుతుంది. అందుకే కంపెనీ వాళ్లు కొన్ని స్క్రూ రంధ్రాలు కోలగా పెడతారు. మనవాళ్లు గడగడ శబ్దం వస్తోందని అక్కడ వాషర్ వేసి బలంగా బిగిస్తారు. ఇక సాగడానికి చోటెక్కడిది? పగులు స్క్రూ దగ్గరే మొదలవుతుంది. నా దగ్గరికి వచ్చే బీటల్లో చాలావరకు ఇలా మనిషి చేతితో పుట్టినవే. బిగించాక పావు చుట్టు వెనక్కి తిప్పండి. శబ్దం వస్తుంటే వెనకాల ఫెల్ట్ పట్టీ అంటించండి.

ఇక కడగడం. సర్వీసింగ్‌లో కొట్టే మెరుపు పాలిష్‌లలో చాలావాటిలో సిలికాన్ ఉంటుంది. అది ప్లాస్టిక్ గరుకులో దాక్కుంటుంది. రంగు వేయగానే అక్కడక్కడా గుండ్రంగా పక్కకు జరిగి లోపలి ప్లాస్టిక్ కనపడుతుంది. దాన్నే ఫిష్ ఐ అంటాం. గిన్నెలు కడిగే సబ్బు, పాత టూత్‌బ్రష్, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్. ఇది కూలి గిట్టని పనిలా కనిపిస్తుంది కానీ నా సమయంలో సగం దీనికే పోతుంది. కొన్ని బండ్లలో మీట మీద చేయి వేస్తే బెల్లం పాకంలా అంటుకుంటుంది, చూశారా? అది మురికి కాదు, రబ్బరులాంటి మెత్తటి పూత వేడికీ తేమకూ చివికిపోవడం. ఆల్కహాల్‌తో ఓపిగ్గా తుడిచేస్తే కింద గట్టి ప్లాస్టిక్ బయటపడుతుంది. చాలాసార్లు అదే బాగుంటుంది, రంగు కూడా అక్కర్లేదు.

వాటర్ పేపర్‌తో రుద్దిన చోట ఆ తోలులాంటి గరుకు పోతుంది. మళ్లీ అచ్చంగా రాదు. వస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి. టెక్స్‌చర్ స్ప్రేను దూరం నుంచి పొడిపొడిగా కొట్టి దగ్గరగా తేగలం, అదీ ప్యానెల్ మొత్తానికి కొడితేనే. సగానికి పైగా పాడైతే రెగ్జిన్ చుట్టించడమే మేలని నేను కస్టమర్‌కు చెప్పేస్తాను. ఆ పని నాకు పోయి సీట్ల దుకాణానికి పోతుంది. పోనీ.

పనిలో చేరిన కొత్తలో ఒకాయన డ్యాష్‌బోర్డ్‌కు గ్లాసీ క్లియర్ కోట్ కొట్టాను. అద్దంలా మెరిసింది, నేనే ఫొటో తీసుకున్నాను. ఆయన ఆదిలాబాద్ దాకా పోయి వచ్చి, "నాకు రోడ్డు కనబడలే తమ్మీ, అద్దంల నీ డ్యాష్‌బోర్డే కనబడ్డది" అన్నాడు. డబ్బు తీసుకోకుండా మళ్లీ రుద్ది మ్యాట్, అంటే మెరుపు లేని పూత వేసిచ్చాను. పైభాగానికి మ్యాట్ తప్ప ఇంకోటి వేయొద్దు.

జాగ్రత్తలు తక్కువే కానీ ఖచ్చితంగా పాటించాలి. ప్యానెల్ ఊడదీసే ముందు బ్యాటరీ తీగ తప్పించండి. ఎయిర్‌బ్యాగ్ మూత జోలికి పోవద్దు, అది చిరగాల్సిన గీత మీద లప్పం కానీ రంగు కానీ పడితే సమయానికి తెరుచుకోకపోవచ్చు. అసిటోన్ ఇట్టే మండుతుంది, దగ్గర్లో బీడీ కూడా వద్దు. హార్డనర్ కలిపే రంగులకు చేతిరుమాలు చాలదు, సరైన మాస్కు కావాలి.

ముందు వరుస వాళ్లు చొక్కా చేతులు మడిచి రండి. దూది, అసిటోన్ సీసా ఇక్కడున్నాయి. ఈ రెండు ముక్కల్లో ఏది ఏబీఎస్, ఏది పీపీనో మీరే తేల్చండి. బకెట్‌లో వేస్తే రెండూ మునుగుతాయి, ముందే చెప్తున్నా.