మా ఊరి జనాభా ఎంత? ముందు పొయ్యిలు లెక్కపెట్టాలి

(కాలువ గట్టు మీద నడుస్తూ)

నమస్కారమండీ, రాజోలు దగ్గర మా ఊళ్లో ఉన్నానిప్పుడు, వెనకాల కనిపించేది రామాలయం వీధి, వంతెన దాటితే పేట, అంటే దళితులుండే వాడ, మధ్యలో అంతా కొబ్బరితోటలే. మొన్న మా తమ్ముడు "మన ఊరి జనాభా ఎంత అన్నయ్యా" అనడిగితే 2011 సెన్సస్ తీసి చూపించా, వాడు ఇంతేనా అన్నాడు. ఇంతే కాదురా, అదెలా లెక్కేశారో తెలియాలిగా అని ఈ వీడియో.

ముందు ఇళ్లు. సెన్సస్‌కి కుటుంబం అంటే గోడలు కాదండి, వంట. ఒకే కప్పు కింద ఉన్నా వంట వేరైతే రెండు కుటుంబాలే. మా పెదనాన్న గారింట్లో అత్తాకోడళ్లకి మాటా మాటా వచ్చి వెనక వసారాలో ఇంకో గ్యాస్ పొయ్యి పెట్టారు, వీధిలో ఇల్లు పెరగలేదు గానీ కాగితం మీద ఒక కుటుంబం పెరిగిపోయింది!

(డాబా ఇల్లు చూపిస్తూ)

ఇది మా పిన్ని ఇల్లు. పాత తూర్పు గోదావరి జిల్లాలో 2011లో వెయ్యి మంది మగాళ్లకి 1006 మంది ఆడాళ్లు, పశ్చిమలో 1004. అయితే అప్పుడు లెక్క రాసింది ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా, ఆ రోజులన్నీ ఊళ్లో లేనోళ్లని ఇక్కడ రాయలేదు. పిన్ని అప్పుడు కువైట్‌లో ఇంటి పనికెళ్లి ఉంది. ఆవిడ పంపిన డబ్బుతో కట్టిన ఈ డాబా లెక్కలో ఉంది, ఆవిడ లేదు.

ఇక పొలం సంగతి. నాకు బాగా నచ్చింది ఇదే. సెన్సస్ ప్రకారం కౌలుకి చేసేవాడు కూడా సాగుదారే, పొలం కౌలుకిచ్చేసి హైదరాబాద్‌లో కూర్చుని దాని వంక చూడనాయన మాత్రం కాదు. పట్టాదారు పాస్‌బుక్‌లో చూస్తే సరిగ్గా ఉల్టా, అక్కడ కౌలు రైతు పేరే ఉండదు. సార్వా, దాళ్వా నాట్లకెళ్లే ఆడాళ్లకి ఏడాదిలో ఆర్నెల్ల పని దొరక్కపోతే మార్జినల్ వర్కర్, అంటే అంచున ఉన్న పనివాళ్లు అని రాస్తారు, పొద్దున్నే లేచి బురదలో నడుం వంచేవాళ్లకి ఆ పేరేంటో నాకైతే అర్థం కాదు.

కులం, మతం. తిట్టుకోకండి, ఉన్నది చెప్తున్నా. 1931 తర్వాత సెన్సస్‌లో అన్ని కులాలూ లెక్కేయలేదు, ఎస్సీ, ఎస్టీ వరకే. అందుకే మా ఊళ్లో కాపులెంత, శెట్టిబలిజలెంత, రాజులెంత అంటే ఎలక్షన్లప్పుడు ఎవరి నోటి లెక్క వాళ్లదే. 1950 ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారితే ఎస్సీ హోదా పోతుంది, మన రాష్ట్రంలో బీసీ-సీ, అంటే వెనకబడిన తరగతుల్లో సి గ్రూపు కిందకొస్తారు. దాంతో చర్చికెళ్లినా కాగితం మీద హిందువులుగానే ఉండిపోయేవాళ్లుంటారు. ఆదివారం పేటలో చర్చి మైకు మోగుతూనే ఉంటుంది, బయట చెప్పుల వరస రోడ్డు దాకా వస్తుంది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కాగితంలో మాత్రం 2011లో క్రైస్తవులు 1.34 శాతమే.

ఈసారి కులం కూడా రాస్తారు, 2027 ఫిబ్రవరిలో. పిన్నికి ఫోన్ చేసి చెప్తే సంక్రాంతికి వస్తానంది. "మరి ఫిబ్రవరికి ఉంటావా" అన్నా.

"ఎక్కడ్రా, సెలవు ఇరవై రోజులేగా."