దలీప్ సింగ్ సౌంద్: 1956 నాటి ఒక అభ్యర్థి రివ్యూ

నమస్కారం. ఇన్నాళ్లూ ఫోన్లు రివ్యూ చేశాం, ఈసారి ఒక అభ్యర్థిని చేద్దాం. 1956, కాలిఫోర్నియా 29వ నియోజకవర్గం, అమెరికా కాంగ్రెస్ ఎన్నిక. కాంగ్రెస్ అంటే మనకు తెలిసిన పార్టీ కాదు, వాళ్ల పార్లమెంటు. అభ్యర్థి దలీప్ సింగ్ సౌంద్, డెమొక్రటిక్ పార్టీ.

ముందు బయోడేటా. 1899లో అమృత్‌సర్ దగ్గరి పల్లెలో పుట్టారు. 1920లో అమెరికా వెళ్లి, 1924కల్లా బర్క్‌లీలో గణితంలో డాక్టరేట్ తెచ్చుకున్నారు. ఆ పట్టాతో చేసింది ఏమిటంటే, దక్షిణ కాలిఫోర్నియాలోని ఇంపీరియల్ లోయలో లెట్యూస్ అనే సలాడ్ ఆకుకూర సాగు! భారతీయులకు అప్పట్లో అక్కడ పౌరసత్వం ఇచ్చేవారు కాదు. పౌరసత్వానికి అర్హత లేనివారు పొలం కొనకూడదని, కౌలుకు తీసుకోకూడదని కాలిఫోర్నియాలో చట్టం కూడా ఉండేది. దానికి తోడు మాంద్యంలో ధరలు పడిపోయి అప్పులపాలయ్యారు. అయినా ఐపీ పెట్టలేదు. ఏళ్ల తరబడి తీర్చుకుంటూ వచ్చారు. నా లెక్కలో డాక్టరేట్ కన్నా దీనికే ఎక్కువ మార్కులు.

1946లో పౌరసత్వ చట్టం మారి, భారతీయులకూ దారి తెరుచుకుంది. 1949 డిసెంబరులో పౌరుడయ్యారు. మరుసటి ఏడాదే వెస్ట్‌మోర్లాండ్ ఊరి జడ్జి పదవికి గెలిస్తే, పౌరసత్వం వచ్చి ఏడాది నిండలేదని పదవి ఇవ్వలేదు. 1952లో మళ్లీ నిలబడ్డారు. మీ కోర్టుకు వచ్చేవాళ్లకు తలపాగాలు మీరే ఇస్తారా, మేమే కొనుక్కోవాలా అని ఒకాయన ఎకసెక్కం ఆడాడు. తల మీద ఏమున్నా నాకు పట్టదు, లోపల ఏముందన్నదే ముఖ్యం అన్నారు సౌంద్. గెలిచారు.

ఇక విధానాలు. మొదటి మాట చిన్న రైతుకు గిట్టుబాటు ధర. రెండోది నీరు. సముద్రమట్టానికి దిగువన, వాన మొహం చూడని లోయ అది. కొలరాడో నది కాలువ ఆగితే పైరు మాట అటుంచి ఊరే ఉండదు. ఈ రెండూ ఆయన పొలం గట్టు మీద నేర్చుకున్నవే. మూడోది, గెలిస్తే భారతదేశానికి వెళ్లి అమెరికా ప్రజాస్వామ్యానికి సాక్ష్యంగా నిలబడతానన్న హామీ. వినడానికి బాగుంది కానీ, దాంతో లెట్యూస్ ధర పెరుగుతుందా? ఇక్కడ అర మార్కు కోస్తున్నాను.

ప్రత్యర్థి సామాన్యురాలు కాదు. ధ్వని వేగాన్ని దాటిన తొలి మహిళా పైలట్ జాక్విలిన్ కోక్రన్. భర్త కోటీశ్వరుడు. ఆమె సొంత విమానంలో ప్రచారానికి వెళితే, సౌంద్ కుటుంబం గడప గడపా తిరిగింది. కాంగ్రెస్ సభ్యత్వానికి ఏడేళ్ల పౌరసత్వం ఉండాలి కదా, ఈయనకు లేదని సొంత పార్టీ పోటీదారే కోర్టుకెక్కాడు. లెక్కల మాస్టారి లెక్క తప్పుతుందా? 1956 డిసెంబరుతో ఏడేళ్లు నిండుతాయి, ప్రమాణం జనవరిలో. కేసు నిలవలేదు.

కొద్ది వేల ఓట్ల తేడాతో గెలిచి, అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికైన తొలి ఆసియా సంతతి వ్యక్తి అయ్యారు. 1957లో పౌరహక్కుల బిల్లుకు ఓటు వేశారు. అదే ఏడాది చివర కుటుంబంతో ఆసియా పర్యటనకు బయలుదేరి, సొంతూరికీ వెళ్లారు. కోసిన అర మార్కు తిరిగి ఇచ్చేస్తున్నాను.