నాలుగు కోర్లు, 4 జీబీ ర్యామ్, 62 శాతం దగ్గర ఆగిపోయిన ఆట

నమస్కారం, తిరుపతి నుంచి మాట్లాడుతున్నాను. ఈ బుల్లి కంప్యూటర్‌ను అమ్మే సంస్థ రెండు వారాలు వాడి చూడమని ఉచితంగా పంపింది. డబ్బేమీ ఇవ్వలేదు. వీడియో ముందుగా చూపించమని అడగలేదు, అడిగినా చూపించేవాడిని కాను. పోర్టులెన్ని, బరువెంత అన్నవి మీరు ఈపాటికి ఎక్కడో చూసే ఉంటారు. ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్, నాలుగు కోర్లు, 4 జీబీ ర్యామ్, లినక్స్ వేసి ఇచ్చారు. నేను చెప్పదలచుకున్నది ఒక్క సాయంత్రం గురించే.

మా అక్క కొడుకు ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. పెట్టె విప్పగానే, "మామా, సూపర్‌టక్స్‌కార్ట్ వేద్దాం" అన్నాడు. అది ఉచితంగా దొరికే బండ్ల పందెం ఆట. సిద్ధంగా దొరికే ప్యాకేజీ వేసుకుంటే ఐదు నిమిషాల పని. కానీ వాడికి కోడ్ తెరిచి బండి వేగం మార్చి చూడాలని ఉంది. మంచిదే కదా! సోర్సు నుంచి కంపైల్ చేద్దామని, అంటే మనుషులు రాసిన కోడ్‌ను యంత్రం నడపగల ప్రోగ్రాముగా మార్చుకుందామని కూర్చున్నాం.

మొదటి అడ్డు, కంపైల్‌కు కావలసినవన్నీ ఉన్నాయో లేదో చూసి సిద్ధం చేసే సీమేక్ దగ్గరే వచ్చింది. ఈ ఆటకు కోడ్ ఒకచోట, బొమ్మలు, ట్రాకులు, సంగీతం మరోచోట ఉంటాయి. ఎస్‌టీకే-కోడ్, ఎస్‌టీకే-అసెట్స్ అనే రెండు ఫోల్డర్లు పక్కపక్కనే ఉండాలి. మేము ఒక్కటే తెచ్చుకున్నాం. రెండోదీ తెచ్చి పెట్టాక, తెరనూ కీబోర్డునూ ఆటకు కలిపే లైబ్రరీ ఎస్‌డీఎల్2 దొరకలేదంది. లైబ్రరీ ఉన్నా సరిపోదు, పేరు చివర 'డెవ్' అని ఉండే ప్యాకేజీ కూడా వేయాలి. లైబ్రరీలో ఏమేమున్నాయో కంపైల్ చేసే ప్రోగ్రాముకు చెప్పే హెడర్ ఫైళ్లు అందులోనే ఉంటాయి. ఇవి ఎవరికైనా ఎదురయ్యేవే, వీటికి యంత్రాన్ని తప్పుపట్టను.

ఆ తర్వాత, ఫైళ్లన్నిటినీ కంపైల్ చేయించే మేక్ నడిపించాం. నాలుగు కోర్లున్నాయి కదా అని ఒకేసారి నాలుగు ఫైళ్లు కంపైల్ చేయమన్నాం. శాతాలు చకచకా పెరిగాయి. 62 దగ్గర మౌస్ బాణం కదలడం మానేసింది. ఫ్యాను హోరు తప్ప ఇంకేమీ లేదు. రెండు నిమిషాల తర్వాత తెర మళ్లీ ప్రాణం పోసుకుంది, అడుగున 'ఎర్రర్ 2' అని ఒక వరుస.

దయచేసి ఇక్కడ ఒక్క మాట వినండి. ఆ చివరి వరుసను పట్టుకుని వెతకకండి. ఏదో ఒక పని చెడిందని మేక్ చెప్పే కబురు అది, ఎందుకు చెడిందో అందులో ఉండదు. పైకి జరుపుకుంటూ పోయి మొట్టమొదటి ఎర్రర్ దగ్గర ఆగాలి. మాకు అక్కడ 'కిల్డ్' అన్న మాట, దాని పక్కన సీసీ1ప్లస్ అన్న పేరు కనిపించాయి. సీసీ1ప్లస్ అంటే సీ ప్లస్ ప్లస్ కోడ్‌ను కంపైల్ చేసే అసలు ప్రోగ్రాము. వాడు కోడ్‌లో తప్పు వెతకడం మొదలుపెట్టాడు. "కోడ్ బాగానే ఉందిరా, డీమెసేజ్ చూడు" అన్నాను. లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ ఇచ్చే సందేశాలను చూపే ఆదేశం అది. అందులో ఉంది: మెమరీ చాలక కెర్నలే ఆ ప్రోగ్రామును చంపేసింది.

పెళ్లివంటకు నలుగురు వంటవాళ్లను పిలిచి, గిన్నెలు పెట్టుకోవడానికి ఒక్క గట్టు చూపించినట్లుంది. ఒక్కొక్క సీసీ1ప్లస్ వందల ఎంబీలు తింటుంది. పక్కన బ్రౌజర్ తెరిచి ఉంది. తెర మీది బొమ్మకూ ఆ 4 జీబీలోనే వాటా. సరే, ర్యామ్ నిండినప్పుడు వాడుకోవడానికి డిస్కులో ఉంచే చోటు, అదే స్వాప్, ఏమైందని చూశాను. సున్నా! ఇంత తక్కువ ర్యామ్‌తో లినక్స్ వేసి అమ్ముతూ ఒక్క ఎంబీ కూడా స్వాప్ పెట్టలేదు. నాకు కోపం వచ్చింది ఇక్కడే. అట్టపెట్టె మీద 'నాలుగు కోర్లు' అని అరచేయంత అక్షరాలు వేసినవాళ్లకు ఈ ఒక్క పని తోచలేదా?

ఫాలొకేట్, ఎంకేస్వాప్, స్వాప్‌ఆన్ ఆదేశాలతో 4 జీబీ స్వాప్ ఫైలు పెట్టాం. బ్రౌజర్ మూసేసి, ఈసారి ఒకేసారి రెండు ఫైళ్లే చేయమన్నాం. బిల్డ్ ఫోల్డరు చెరపలేదు. కంపైల్ అయిన ఫైళ్లను మేక్ మళ్లీ ముట్టుకోదు, ఆగినచోటి నుంచే సాగుతుంది. ముప్పావుగంటలో వంద శాతం వచ్చింది. వాడు మార్చిన బండి మొదటి మలుపులోనే గోడకు కొట్టుకుంటే వాడి ఆనందం చూడాలి!

మా పాత ల్యాప్‌టాప్‌లోనూ మొదట 4 జీబీయే. దాని అడుగున స్క్రూలు విప్పి ఇంకో 4 జీబీ ముక్క పెట్టుకున్నాను, ఇప్పటికీ పనిచేస్తోంది. అదే ఆశతో దీన్నీ విప్పాను. స్లాటు లేదు. ర్యామ్‌ను బోర్డుకే అతికించేశారు. కొన్నరోజు ఎంత ఉందో చివరిదాకా అంతే.

బిల్లింగ్‌కో, పిల్లల ఆన్‌లైన్ పాఠాలకో అయితే తీసుకోండి, చప్పుడు తక్కువ, కరెంటు తక్కువ. కోడ్ రాసే పిల్లలున్న ఇంటికి మాత్రం ఇది వద్దు. ధర ఇంకా తగ్గినా వద్దు. ర్యామ్ మార్చుకునే వీలున్నదే కొనండి.

ఏదైనా ఆట కంపైల్ కాక మీరు ఆగిపోయి ఉంటే కింద వ్యాఖ్యల్లో రాయండి. చివరి వరుస కాదు, మొదటి ఎర్రర్ వరుస, దాని పైన ఇంకో పది వరుసలు. చదివి తప్పకుండా జవాబిస్తాను.