బండలాగే జతకూ పందెం జతకూ ఒకటే చార్టా?

నమస్కారం. ఈ వీడియోకు కారణం ఒక కాగితం. నేను వెళ్ళే జిమ్‌లో అద్దం పక్కన అంటించి ఉన్న, చెమట చేతులు తగిలి అంచులు నలిగిపోయిన ఆ చార్టులో ప్రతి వ్యాయామానికీ ఎదురుగా ఒకటే మాట రాసి ఉంటుంది: మూడు సెట్లు, పన్నెండు రెప్స్. అంటే ఆపకుండా పన్నెండుసార్లు చేస్తే ఒక సెట్, అలాంటివి మూడు. పెళ్ళిలోపు పొట్ట తగ్గాలనుకునే ఉద్యోగికీ అదే, కానిస్టేబుల్ పరీక్షకు తయారయ్యే కుర్రవాడికీ అదే, మోకాలి నొప్పితో వచ్చే రిటైర్డ్ మాస్టారికీ అదే. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికుల కాళ్ళకు బలం తిరిగి తేవడానికి అమెరికా సైనిక వైద్యుడు థామస్ డెలార్మ్ పది రెప్స్ సెట్లతో ఒక పద్ధతి తయారుచేశాడు. ఆసుపత్రి మంచం పక్కన పుట్టిన ఆ లెక్కకు మనవడి లాంటి చార్టును అందరి గోడలకూ అంటించడమే నాకు చిరాకు.

[తెరపై: ఒంగోలు గిత్తల జత, వెనుక బండ]

ప్రకాశం, గుంటూరు వైపు బండలాగుడు పోటీలు చూసినవారికి ఈ విషయం సగం ముందే తెలుసు. బండలాగే జతకు రైతు రోజూ బరువు లాగించి అలవాటు చేస్తాడు. బండి పందెంలో ఉరికే జతకు ఆ బండ కట్టడు, తేలికైన బండి కట్టి పరుగు నేర్పుతాడు. పశుప్రదర్శనకు వెళ్ళే గిత్తకు కావలసింది నిండైన మూపురం, మెడ, ఒంటి నిగారింపు. దుక్కి దున్నే జతకు కావలసింది పొద్దు వాలేదాకా ఆగని నడక. జాతి ఒకటే, పెట్టే ఉలవలు ఒకటే, కానీ చేయించే సాధన నాలుగు రకాలు. మనిషికి మాత్రం నాలుగింటికీ కలిపి పన్నెండు రెప్స్ అంటున్నాం.

మొదట బండలాగే జత, అంటే బలం. ఒక్కసారి మాత్రమే ఎత్తగలిగే గరిష్ఠ బరువులో సుమారు 85 శాతం, అంతకు పైన పెట్టి, ఒకటి నుంచి ఐదు రెప్స్ మాత్రమే చేయాలి. ఇక్కడ అందరూ తప్పు చేసేది బరువు దగ్గర కాదు, విశ్రాంతి దగ్గర. సెట్ల మధ్య మూడు నుంచి ఐదు నిమిషాలు కూర్చోవాలి, ఎందుకంటే బరువెత్తే ఆ కొద్ది సెకన్లకు కండరం వాడుకునే ఫాస్ఫోక్రియాటిన్ నిల్వ మళ్ళీ నిండడానికి ఆ మాత్రం సమయం పడుతుంది. బెంచి మీద ఊరికే కూర్చున్నవారిని చూసి 'టైంపాస్ చేస్తున్నావా' అని అడిగే ట్రైనర్, ఆయాసాన్ని బలం అనుకుంటున్నాడని నా అభిప్రాయం.

పందెం జత అంటే వేగంతో కూడిన బలం. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో శ్రీకాకుళం జిల్లా బిడ్డ కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో స్నాచ్ (ఒకే ఊపులో తలపైకి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జెర్క్ (ముందు భుజాల దాకా, తర్వాత తలపైకి ఎత్తడం) 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు. స్నాచ్‌లో బార్‌ను మెల్లగా పైకి లాగితే అది తలపైకి చేరనే చేరదు. అందువల్ల ఈ సాధనలో ఒక్కో సెట్‌కు రెండు మూడు రెప్స్ చాలు, ప్రతి రెప్ విసురుగా ఉండాలి, బార్ వేగం తగ్గిన క్షణమే సెట్ ఆపేయాలి. అలసిపోయాక చేసే రెప్ ఎద్దుకు పరుగు బదులు నడక నేర్పుతుంది.

ప్రదర్శన గిత్త విషయంలో, అంటే కండ పెంచడంలో, వెసులుబాటు ఎక్కువ. గరిష్ఠ బరువులో 30 శాతంతో చేసినా 80 శాతంతో చేసినా, ఇంక ఒకటి రెండు రెప్స్‌కు మించి రావు అనే దాకా వెళితే కండ దాదాపు ఒకేలా పెరుగుతుంది. అసలు లెక్క ఒక్కో కండరానికి వారానికి పడే సెట్లది. పది సెట్లు మంచి లక్ష్యం. ఆ పన్నెండు రెప్స్ చార్టు ఎక్కడైనా సరిపోతుందంటే ఇక్కడే.

సమయం తక్కువగా ఉంది, మిగిలినవి త్వరగా చెబుతాను. దుక్కి జతకు, అంటే ఓర్పుకు, తేలిక బరువు, పదిహేనుకు పైగా రెప్స్, తక్కువ విశ్రాంతి. నిజానికి బండలాగుడు కూడా నిమిషాల తరబడి సాగుతుంది కనుక నా పోలిక ఇక్కడ కొంత బెసుకుతుంది, అది నాకూ తెలుసు.

ఇక ఆ కానిస్టేబుల్ అభ్యర్థి. 2022 తెలంగాణ నియామకాల్లో పురుషులకు 1600 మీటర్ల పరుగు, లాంగ్ జంప్, 7.26 కిలోల షాట్‌పుట్ ఉన్నాయి. అతనికి ఒకే కాడికి రెండు రకాల ఎద్దులను కట్టినట్టే. కాబట్టి వారానికి రెండు రోజులు బరువైన స్క్వాట్ (బరువుతో కూర్చుని లేవడం), డెడ్‌లిఫ్ట్ (నేల మీంచి బరువు ఎత్తడం), ప్రెస్ (బరువును చేతులతో పైకి నెట్టడం). ఆ రోజుల్లోనే, బరువులకు ముందు, ఒళ్ళు తాజాగా ఉన్నప్పుడు దూకుళ్ళు, గుండు విసరడం. దూర పరుగు వేరే రోజుల్లో, కుదరకపోతే కనీసం కొన్ని గంటల తేడాతో. చేతి కండ కోసం చేసే బైసెప్స్ కర్ల్స్‌కు పెట్టే అరగంటను గుండు చేతిలో పట్టుకుని గడపమని చెప్పండి. పరీక్షకు ముందు వారం సెట్లు సగానికి తగ్గించాలి, బార్ మీద బరువు మాత్రం అలాగే ఉంచాలి.