జెల్లీ బీన్ పెంకు: ఒక్క గింజకు వారం రోజుల పని

నమస్తే. నల్లగొండల ఏ హోటల్ల తిన్నా బిల్లుతోటి రంగురంగుల చక్కెర సోంపు ఇస్తరు కదా. జెల్లీ బీన్ అంటే లోపల మెత్తటి జెల్లీ, పైన గట్టి చక్కెర పెంకు ఉండే గింజ లెక్కటి మిఠాయి. దాని పెంకు కూడా అదే పనితనం. సోంపు గింజ చేన్ల పండుతది, జెల్లీ గింజను మాత్రం వండుకోవాలె.

చక్కెర, గ్లూకోజ్ పాకం, మక్కజొన్న గంజిపొడి, నీళ్లు కలిపి చిక్కగ ఉడికిస్తరు. గ్లూకోజ్ పాకం తక్కువైతే కొన్నాళ్లకు లోపలి చక్కెర పలుకు కట్టి, నోట్లె ఇసుక లెక్క తగుల్తది. ట్రేలల్ల పొడి గంజిపిండి నింపి, అచ్చుతోటి గుంటలు నొక్కి, అండ్ల ఈ వేడి పాకం పోస్తరు. ఆకారం ఇచ్చేది ఆ పిండే, తేమ గుంజేది కూడా ఆ పిండే. అందుకే దాన్ని ముందుగాల బాగ ఎండబెడ్తరు. పిండి తడిగుంటే గింజకు అంటుకుంటది, సాఫ్‌గ ఊడిరాదు. ఒక రోజు ఆరినంక పిండి జల్లించి, గింజలకు ఆవిరి పట్టించి, సన్న చక్కెర అద్ది, ఇంకో రోజు రెండు రోజులు పక్కకు పెడ్తరు.

అసలు పని ఇప్పుడు మొదలైతది. స్లాబ్ పోసేటప్పుడు తిరిగే మిల్లర్ చూసిన్రు కదా, అసొంటి డ్రమ్ముల గింజలు దొర్లుతుంటయి. రంగు, వాసన కలిపిన పాకం ఒక గరిటె పోస్తరు. అన్నిటికీ తడి అంటినంక చక్కెర పొడి చల్లుతరు. ఆరినంకనే మళ్లీ గరిటె. ఇట్ల దగ్గర దగ్గర రెండు గంటలు, పొర మీద పొర. చెయ్యి పెట్టి చూస్తే గింజలు జిగటగ తగుల్తున్నయా, పొడిగ జారుతున్నయా అన్నది ఎరుకైతది. జిగట పోకముందే పాకం పోస్తే రెండు మూడు గింజలు అతుక్కుపోతయి, వాటిని విడదియ్యలేరు. తొందరపడి వేడి గాలి కొడితే ఇంకా నష్టం: పైపొర ఎండుతది, తేమ లోపల్నే ఉండిపోయి తర్వాత మచ్చలై బయటపడ్తది, మెరుపు పట్టది. మొత్తం లెక్కేస్తే వారం, పది రోజులు.

అమెరికాల దీనికి పేరు ఊరికే రాలే. అక్కడ ఈస్టర్ పండుగకు గుడ్డు ఆకారం మిఠాయి కావాలె, ఇది సరిగ్గ కుదిరింది. 1976ల వచ్చిన జెల్లీ బెల్లీ అనే బ్రాండు పెంకుతోటి ఆగకుండ లోపలి జెల్లీకి కూడా రుచి పెట్టింది. నా లెక్కల పెద్ద మార్పు అదే. 1981ల రీగన్ అధ్యక్షుడైనప్పుడు ఆ సంబురాలకు 3 టన్నులకు పైనే పంపిన్రు.

శాకాహారులు ఒకటి చూడాలె. చివరి మెరుపుకు ఎక్కువగ వాడేది షెల్లాక్, అంటే లాడ్ బజార్ గాజులకు వాడే లక్కనే, శుద్ధి చేసింది. లక్క పురుగు నుంచి వస్తది. ప్యాకెట్ మీద 904 అనే నంబరుంటే అదే. కొన్నిట్ల జెలటిన్ (జంతువుల తోలు, ఎముకల నుంచి తీసేది) కూడా ఉంటది, పదార్థాల పట్టీ చదువుర్రి.

మే ఎండల దుకాణంల చాక్లెట్ కరిగినట్టు ఇది కరగది, గంజి జెల్లీ కదా. దీని శత్రువు తేమ. ఫ్రిజ్‌ల పెట్టి తీస్తే పైన నీళ్లు పట్టి, రంగు చేతులకు అంటుతది. మూత గట్టిగున్న సీసాల పోసి బయటనే పెట్టుర్రి.