గీత దాటింది ఒకరు, బహుమతి పట్టుకెళ్లింది ఇంకొకరు

1949 జూన్ 19, అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రం, షార్లెట్. ముప్పావు మైలు మట్టి ట్రాక్, చుట్టూ వేలల్లో జనం, ఆ దుమ్ములో ఏ కారు ముందుందో ఏది వెనకుందో చూసేవాళ్లకే అర్థం కావట్లేదు. నాస్కార్ అనే కొత్త సంస్థ పెట్టిన కొత్త పోటీ ఇది, రూల్ ఒక్కటే: కారు షోరూమ్ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉండాలి, దేన్నీ మార్చకూడదు. మరి డ్రైవర్లంటారా, లీ పెటీ అనే ఆయన అడిగి తెచ్చుకున్న బ్యూక్ కారుతో దిగి దాన్ని పల్టీలు కొట్టించాడు, అదీ అప్పటి పద్ధతి.

అందరికంటే ముందు గీత దాటింది గ్లెన్ డన్‌అవే, 1947 మోడల్ ఫోర్డ్‌లో. చప్పట్లు, ఈలలు, అంతా అయ్యాక ఇన్‌స్పెక్టర్ కారు కింద తల పెట్టి చూసి, ఈ గెలుపు చెల్లదు పొమ్మన్నాడు. వెనక స్ప్రింగులు మార్చేశారట. 2,000 డాలర్ల ఫస్ట్ ప్రైజ్ కాన్సస్ నుంచి లింకన్ కారుతో వచ్చిన జిమ్ రోపర్‌కి వెళ్లిపోయింది. ఈయనకి అసలు ఈ రేసు ఉందని తెలిసిందే పేపర్లో వచ్చే బొమ్మల కథ చదివి! ఫోర్డ్ ఓనర్ హ్యూబర్ట్ వెస్ట్‌మోర్‌ల్యాండ్ ఊరుకోలేదు, కోర్టుకెక్కాడు, జడ్జి కేసు కొట్టేశాడు.

[స్క్రీన్ మీద: కారు వెనక భాగం, పట్టీల స్ప్రింగు బొమ్మ]

ఇంతకీ ఆ స్ప్రింగులు రేసు కోసం వేసినవి కాదు. సారా కోసం.

అమెరికాలో మద్యనిషేధం 1933లోనే పోయింది కదా, ఇంకా దొంగసారా ఏంటి అంటారేమో. నిషేధం పోయినా పన్ను పోలేదు, పైగా దక్షిణాదిలో చాలాచోట్ల స్థానికంగా నిషేధం అలాగే ఉండిపోయింది. అందుకని జార్జియా, నార్త్ కరోలినా కొండల్లో మొక్కజొన్న సారా బట్టీలు మండుతూనే ఉన్నాయి, ఆ సరుకు రాత్రిపూట అట్లాంటా లాంటి సిటీలకి కార్లలో దిగేది. వెనక సీటు పీకేసి వంద గ్యాలన్లకు పైగా ఎక్కించేవాళ్లు, అంటే దాదాపు నాలుగు క్వింటాళ్ల బరువు. మామూలు స్ప్రింగులైతే కారు తోక నేలకి ఆనుతుంది, ముక్కు ఆకాశం చూస్తుంది, ఎక్సైజ్ వాళ్లు అరకిలోమీటరు దూరం నుంచే పట్టేస్తారు. అందుకే వెనక అదనపు పట్టీలు వేసి గట్టి చేసేవాళ్లు. లోడుతో ఉన్నప్పుడు కారు సాఫీగా, బుద్ధిమంతుడిలా కనిపిస్తుంది, ఖాళీగా ఉంటే మాత్రం వెనక భాగం ఎత్తుకుని నిలబడుతుంది. ఆ గట్టి స్ప్రింగు వల్ల మలుపుల్లో కారు పక్కకి ఒరగడం తగ్గుతుంది, రేసులో పనికొచ్చింది ఆ గుణమే.

ఇంజిన్ సంగతి సరేసరి. 1932లో ఫోర్డ్ వాళ్లు సామాన్యుడు కొనగలిగే కారులో వీ8 ఇంజిన్, అంటే ఎనిమిది సిలిండర్లది, పెట్టారు, ఇక కుర్రాళ్లు ఆగుతారా. అట్లాంటాలో రెడ్ వోట్ అనే మెకానిక్ దగ్గర సారా వాళ్ల కార్లూ, వాళ్లని తరిమే పోలీసుల కార్లూ రెండూ రిపేరుకి వచ్చేవని చెప్పుకుంటారు. ఎవరి టెన్షన్ వాళ్లది, ఆయనకి మాత్రం గిరాకీయే.

వీళ్లందరిలో నాకు మర్చిపోలేని పేరు లాయిడ్ సే. జార్జియాలోని డాసన్‌విల్ కుర్రాడు, చుట్టమైన రేమండ్ పార్క్స్ కార్లు ఇచ్చి రేసుల్లో దింపాడు. 1941 ఆగస్టు చివర్లో డేటోనా, ఆ తర్వాత హై పాయింట్ అనే ఊరు, మర్నాడే అంటే సెప్టెంబర్ 1న అట్లాంటా లేక్‌వుడ్ ట్రాక్, మూడుచోట్లా రేసులు వరసగా గెలిచాడు. ఆ మరుసటి రోజు సొంత బంధువే కాల్చి చంపాడు, గొడవ దేనికంటే సారా కాయడానికి కొన్న పంచదార ఎవరి ఖాతాలో రాయించారని. అప్పటికి వయసు 21. డాసన్‌విల్‌లో ఆయన సమాధి రాయి మీద ఆయన నడిపిన ఫోర్డ్ కారు చెక్కి ఉంటుంది, డ్రైవర్ కిటికీలో ఆయన ఫోటో.

యుద్ధం అయ్యాక 1945లో లేక్‌వుడ్‌లో మళ్లీ రేసు పెట్టినప్పుడు, సారా కేసులున్నవాళ్లని దిగనివ్వం అన్నారు అధికారులు. జనం ఒప్పుకోలేదు, డబ్బు కట్టి వచ్చింది వాళ్లని చూడ్డానికే మరి. చివరికి దిగనిచ్చారు, గెలిచింది కూడా అలాంటివాడే, పార్క్స్ బంధువు రాయ్ హాల్.

ఈ గందరగోళాన్ని ఒక దారికి తేవాలని బిల్ ఫ్రాన్స్ అనే రేసుల నిర్వాహకుడు 1947 డిసెంబర్‌లో డేటోనా బీచ్‌లోని స్ట్రీమ్‌లైన్ హోటల్‌లో అందరినీ కూర్చోబెట్టాడు. టికెట్ డబ్బులు పట్టుకుని ఉడాయించే నిర్వాహకులు, ఊరికో రూలు, ఇవి నిజంగానే పెద్ద తలనొప్పులు. 1948 ఫిబ్రవరిలో నాస్కార్ రిజిస్టర్ అయింది. పరువైన ఆటగా కనిపించాలన్న తాపత్రయం మాత్రం నాకు కొంచెం నవ్వొస్తుంది. ఎందుకంటే డన్‌అవే స్ప్రింగులు చెల్లవన్న ఆ 1949లోనే ఛాంపియన్ అయినవాడు రెడ్ బైరన్, యుద్ధంలో ఎడమ కాలు దెబ్బతింటే దానికి కట్టిన ఇనుప పట్టాని క్లచ్ పెడల్‌కి బిగించుకుని నడిపిన మనిషి. ఆయన కారు తయారు చేసింది రెడ్ వోట్, డబ్బు పెట్టింది రేమండ్ పార్క్స్, పార్క్స్‌కి ఆ డబ్బు మొదట వచ్చింది సారా వ్యాపారంలోనూ దొంగ లాటరీలోనూ.

పార్క్స్ ఆ తర్వాత కొన్నేళ్లకే రేసుల నుంచి తప్పుకున్నాడు, ఖర్చే తప్ప రాబడి లేదని.